నలభై ఏడో వరుస

ఫహాహీల్‌లో రాత్రి పదకొండు.
పై బాల్కనీ ఏసీ నీళ్లు
మా రేకు డబ్బాలో టపటపా పడుతున్నాయి.
పాస్‌వర్డ్ నా చేతిలో పెట్టి డాక్టర్ నాదిర్ విమానమెక్కాడు:
"ఫారం నింపి పంపెయ్ సిస్టర్, అంతా అయిపోయిందిగా."

పత్రిక వాళ్ల నియమాలు పద్నాలుగు పేజీలు.
పెళ్లినాడు కూడా ఇన్ని ప్రమాణాలు చేయలేదు నేను.

"ఈ రచన ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు."
కాలేదనే అనుకుంటా.
మీనా అబ్దుల్లా క్యాంపులో తీగల మీద
నీలం చొక్కాలు వేలాడేవి,
వీపుల నిండా ఉప్పు గీసిన తెల్ల గీతలతో,
జులై అంతా రోజుకొక సంచిక.
చదివినవాళ్లు లేరు కాబట్టి
టిక్ పెట్టాను.

రచయితల పేర్లు.
ఎవరు ఆలోచించారు, ఎవరు కొలిచారు, ఎవరు రాశారు,
విడివిడిగా చెప్పాలట.
క్యాంపు గేటు దాటని సేఫ్టీ మేనేజరుది మూడో పేరు,
కంపెనీ చెక్కు మీద సంతకం ఆయనదే మరి.
తెల్లారగట్ల మూడున్నరకు ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని
వాళ్ల బస్సులో కూర్చున్న నేను
చిట్టచివర, కృతజ్ఞతల్లో,
"నర్సింగ్ సిబ్బంది" అన్న రెండు మాటల్లో ఇమిడిపోయాను.
కొంచెం మండింది, అబద్ధమెందుకు.
అయినా దానికి నిద్ర చెడగొట్టుకునేదాన్ని కాదు.

పాల్గొన్నవారు నూట పన్నెండు.
రెండో పట్టికలో నూట పదకొండు.

అంగీకార పత్రం తెలుగు చేసింది నేనే.
"స్వచ్ఛంద సమ్మతి" అంటే ఎవరికీ ఎక్కలేదు.
"మీకు ఇష్టమైతేనే" అన్నాను.
ఇష్టమన్న మాటకి
పై మంచాల మీంచీ కింది మంచాల మీంచీ నవ్వులు.
గంగనర్సు మాత్రం సూది వైపు చూడకుండా
గోడతో అన్నట్టు అన్నాడు:
"నంబరెందుకు సిస్టరమ్మా, పేరే రాయరాదా?
బస్సుల నంబరు, మెస్సుల నంబరు,
నెత్తిమీది టోపీకి నంబరు.
గీడ గూడ నంబరేనా?"
పేరు దాస్తేనే నీకు రక్ష అని చెప్పాను.
అది నిజం. ఇప్పటికీ నిజమే.
అందుకే గంగనర్సు కూడా నేను పెట్టిన పేరే.
అసలుది తాళం వేసిన సొరుగులో ఉంది.
గొట్టానికి నలభై ఏడు అంటించాను.

మేలో క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఒకటి.
ఆగస్టు ఆఖర్న నాలుగు పాయింట్ తొమ్మిది.
"యంత్రం తప్పు," అన్నాడు డాక్టర్,
"ఒక్కడి వల్ల సగటంతా పాడవుతుంది."
మర్నాడు మళ్లీ తీశాను. ఐదు.
ఆ ఐదు సంగతి ఎవరూ అడగలేదు,
నేనూ చెప్పలేదు.
ఇప్పుడా ఫైల్లో నలభై ఆరు కింద నలభై ఎనిమిది.
విరిగిన మెట్టు ఎక్కడుందో తెలిసినా
చీకట్లో కాలు అక్కడే పడుతుంది.

పోయిన వారం డయాలసిస్ వార్డులో
దుప్పటి గడ్డం దాకా లాక్కుని అడిగాడు:
"నాది ఎక్కిందా, మీ లెక్కల?"
ఎక్కిందన్నాను.

పన్నెండో గడి:
"ఏ సమాచారాన్నీ కల్పించలేదు, కారణం చూపకుండా తొలగించలేదు."
కర్సర్ కొట్టుకుంటోంది,
మానిటర్ మీద నాడిలా.

వరుస తిరిగి పెట్టాను.
రెండు కొలతలూ, తేదీలతో.
సగటు కాస్త పక్కకు జరిగి
చోటిచ్చింది.
పంపు అన్న బటన్ జోలికి పోలేదు.
రచయితలందరికీ, ఆ మూడో పేరుకి కూడా, ఉత్తరం రాశాను:
"నూట పన్నెండు మందీ ఉన్నారు.
ఎవర్నైనా తీసేయాలంటే ఎందుకో పత్రంలోనే రాయాలి,
ఏడో పేజీ చూడగలరు."
కింద నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

మూడున్నరకు వీధి చివర బస్సు హారన్.
నాలుగింటికి డాక్టర్ నాదిర్ జవాబు, ఒకే ముక్క:
"ఫోన్ చెయ్."

ఇంకా చేయలేదు.
ముందు వార్డుకి పోవాలి.
ఆ రోజు తొందరపడి చెప్పిన మాట
ఈ రాత్రే నిజమైందని
అతనికి చెప్పాలి.